తాడు ఆగిన కొండలు

కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీయర్లను అమెరికాలో కొండ పైకి లాగిన మొదటి తాడు 1934 జనవరిలో తిరిగింది. ఊరు వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్. కొండ గిల్బర్ట్ అనే రైతుది. ఎండాకాలంలో పశువులు మేసే బీడు. మంచు మీద కిందికి జారడానికి నిమిషం చాలు గానీ తిరిగి పైకెక్కడానికే ఒంట్లో శక్తంతా అయిపోతోందని ఊళ్లోని సత్రంలో దిగిన న్యూయార్క్ అతిథులు వాపోయేవారు. అప్పటికే కెనడాలోని క్విబెక్‌లో ఒకచోట కారు చక్రానికి తాడు తగిలించి మనుషులను పైకి లాగుతున్నారు. ఆ కబురు విన్న సత్రం యజమానులు ఫోర్డ్ మోడల్ టి కారు ఇంజిన్ ఒకటి, 1,800 అడుగుల తాడు, కొన్ని గిలకలు సమకూర్చుకున్నారు. బీడు కాస్తా స్కీ కొండ అయింది.

రోప్ టో అనే ఈ యంత్రం గొప్పతనమంతా దాని పేదరికంలోనే ఉంది. పాత కారునో లారీనో నేల నుంచి ఎత్తి నిలబెట్టి, వెనక చక్రానికి టైరు తీసేసి, ఆ గాడిలో తాడు వేస్తారు. కొండ పైన చెట్టుకో స్తంభానికో మరో చక్రం బిగిస్తారు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తాడు, బావి గిలక మీది చేంతాడులా, ఒక పక్క పైకి పోతూ మరో పక్క కిందికి వస్తూ ఉంటుంది. స్కీలు కట్టుకున్నవాళ్లు దాన్ని రెండు చేతులా పట్టుకుంటే పైకి చేరతారు. కుర్చీలు, ఉక్కు స్తంభాలు, కాంక్రీటు పునాదులు ఏమీ అక్కర్లేదు. ఊళ్లో ఒక మెకానిక్, మనసున్న ఒక రైతు, ఉత్తరం వైపు వాలిన కొద్దిపాటి నేల ఉంటే సరిపోయేది. ఉత్తరపు వాలే ఎందుకంటే, అటువైపు ఎండ తక్కువ తగిలి మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలండ్ అనే ఆరు రాష్ట్రాలను కలిపి న్యూ ఇంగ్లండ్ అంటారు. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో ఇక్కడ ఇలాంటి కొండలు ఊరూరా వెలిశాయి. బోస్టన్ నుంచి కొండ ప్రాంతాలకు స్కీయర్లను తీసుకెళ్లే మంచు రైళ్లు 1931 నుంచే నడుస్తుండడంతో పట్నం మనుషులకు ఈ ఆట అలవాటైంది. రెండో ప్రపంచ యుద్ధంలో పర్వత దళంలో పనిచేసిన సైనికులు తిరిగొచ్చి స్కీయింగ్ నేర్పడమే వృత్తిగా పెట్టుకున్నారు. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లల తరం బడి ఈడుకొచ్చింది. కొన్ని కొండలను రైతులు నడిపారు, కొన్నింటిని ఊరి క్లబ్బులు, బడులు, పురపాలక సంస్థలు నడిపాయి. ఎత్తు 150 అడుగులు, 300 అడుగులు, మహా అయితే 500. వాటిలో చాలావాటి పేర్లు పక్క జిల్లా వాళ్లకు కూడా తెలియవు.

ఇప్పుడు న్యూ ఇంగ్లండ్‌లో మూతపడిన స్కీ కొండల జాబితాలో 600కు పైగా పేర్లున్నాయి. ఒక్క వెర్మాంట్‌లోనే అవి వంద దాటాయి. దేశం మొత్తం మీద చూసినా 1982–83 శీతాకాలంలో 735 స్కీ కేంద్రాలు పనిచేస్తే, ఇటీవలి శీతాకాలాల్లో 480కి అటూ ఇటూగా మాత్రమే మిగిలాయి. విచిత్రమేమిటంటే ఈ నలభై ఏళ్లలో స్కీయింగ్ తగ్గలేదు. కొండలకు వెళ్లేవారి సంఖ్య పెరిగింది. అంటే ఆట చచ్చిపోలేదు. ఊరి దగ్గర ఆడుకునే చోటు పోయింది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి, చిన్న కొండలకు కాలం చెల్లిందని తేల్చేయడం అన్యాయం.

ఆ కొండల మీద పెరిగినవాళ్లు ఏం గుర్తుచేసుకుంటారన్నది వాళ్ల సొంత విషయంగా కనిపించవచ్చు గానీ, నిజానికి అదొక సాక్ష్యం. వాలు ఎంత నిటారుగా ఉండేది, మంచు ఎంత మెత్తగా ఉండేది అనే మాటలు వాళ్ల నోట అరుదుగా వస్తాయి. మొదట వచ్చేది తాడు. తడిసిన తాడు ఎంత బరువెక్కేదో, పిల్లల చేతులకు అసలు లేచేదే కాదని చెబుతారు. ముందొక పెద్దమనిషి పట్టుకుని ఎత్తితే తప్ప వెనకున్న పిల్లలకు అది అందేది కాదు. ఒక్కసారిగా గట్టిగా పట్టుకుంటే భుజాలు ఊడొచ్చినంత పని అయ్యేది. చేతుల్లోంచి జారనిస్తూ జారనిస్తూ, మెల్లగా పట్టు బిగించాలి. ఒక్క శీతాకాలానికే చేతి తొడుగుల అరచేతులు అరిగి చిల్లులు పడేవి. మధ్యలో ఒకరు పడితే వెనకున్నవాళ్లంతా వరుసగా పడేవారు. ఆ తర్వాత వచ్చేది కొండ కింద చలి కాచుకునే గది: కట్టెల పొయ్యి, దాని చుట్టూ ఆరేసిన ఉన్ని తొడుగుల వాసన, వేడి చాక్లెట్ పాలు. రాత్రిపూట వరుసగా వెలిగే దీపాలు ఆ తర్వాతి మాట.

ఈ జ్ఞాపకాలన్నిటిలోనూ పక్కన ఇంకో మనిషి ఉంటాడు. తాడు ఎత్తిపట్టిన పెద్దాయన, ఎవరైనా పడితే ఇంజిన్ ఆపే మనిషి, పొయ్యిలో కట్టె వేసే పక్కింటావిడ. తీగకు వేలాడుతూ కొండెక్కే చైర్‌లిఫ్ట్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు పక్కవారితో పనిలేదు. తాడు దగ్గర మాత్రం పక్కవారి సాయం లేకుండా సాగదు. రెండో విషయం, కొండ చిన్నది కావడం. కింది గది కిటికీలోంచి చూస్తే కొండంతా ఒక్క చూపులో కనబడేది. అందుకే ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని పొద్దున దింపి సాయంత్రం వచ్చి తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు వెనకాడేవారు కాదు. పిల్లలకు స్వేచ్ఛ, పెద్దలకు నిశ్చింత రెండూ ఒకేచోట దొరకడం ఏ కాలంలోనైనా అరుదే. ఇక్కడ అది కొండ ఎత్తు తక్కువ కావడం వల్లే సాధ్యమైంది. బడి వదిలాక గంటన్నర ఆడుకుని చీకటి పడేలోగా ఇల్లు చేరే ఆట, వారాంతాల్లో మూడు గంటలు కారులో ప్రయాణించి ఆడే ఆట, పైకి ఒకేలా కనిపించినా బాల్యంలో వాటి స్థానాలు వేరు.

జ్ఞాపకాలు దాచే సంగతులూ ఉన్నాయి. తిరిగే తాడు మెలికపడుతూ పోతుంది. వేలాడే మఫ్లరునో జడనో స్వెట్టరు అంచునో చుట్టుకుంటే మనిషిని చక్రం దాకా ఈడ్చుకుపోగలదు. అందుకే చక్రానికి ముందు, తగలగానే ఇంజిన్ ఆగిపోయే అడ్డుకట్ట పెట్టడం తప్పనిసరి అయింది. ఇక మంచు. చిన్ననాటి శీతాకాలాలన్నీ తెల్లగానే గుర్తుంటాయి గానీ, దేవుడిచ్చిన మంచు మీదే ఆధారపడిన కొండలు కొన్ని ఏడాదుల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని రోజులే నడిచాయి. మిగతా రోజుల్లో గడ్డి కనబడుతూ, తాడు ఖాళీగా వేలాడుతూ ఉండేది. యజమానికి మాత్రం ఆ రోజులే ఎక్కువ గుర్తుంటాయి.

మూతపడడానికి కారణం అడిగితే చాలామంది మంచు తగ్గడమేనంటారు. అది సగం నిజం. 1973–74 శీతాకాలం దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడు అమెరికా ఈశాన్యంలో మంచు సరిగా పడలేదు. అదే సమయంలో అరబ్బు దేశాల చమురు నిషేధంతో పెట్రోలు కరువైంది. ఆదివారాలు పెట్రోలు బంకులు మూసి ఉంచాలని అధ్యక్షుడు నిక్సన్ కోరాడు. స్కీ కొండకు ఆదాయం వచ్చేదే శని, ఆదివారాల్లో. మళ్లీ 1979–80లో తూర్పున మంచు దాదాపు కరువే అయింది. ఆ ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో, ఒలింపిక్స్ చరిత్రలోనే మొదటిసారిగా యంత్రాలతో తయారుచేసిన మంచు వాడారు. పోటీలు ఆగకుండా సాగాయి. చిన్న కొండలకు ఆ దృశ్యంలో తమ భవిష్యత్తు కనబడి ఉండాలి: ఇక మంచు కురవడం ముఖ్యం కాదు, మంచు కొనుక్కోగలగడం ముఖ్యం.

ఆ యంత్రం కూడా న్యూ ఇంగ్లండ్‌లోనే పుట్టింది. 1950లో కనెక్టికట్‌లో స్కీలు తయారుచేసే ఒక చిన్న సంస్థకు చెందిన వేన్ పియర్స్, అతని భాగస్వాములు పెయింటు చల్లే నాజిల్‌కు తోటకు నీళ్లు పెట్టే పైపు, గాలి కంప్రెసర్ తగిలించి, చల్లటి గాలిలోకి నీటి తుంపర వదిలారు. అది మంచై రాలింది. మంచు లేక వ్యాపారం దెబ్బతిన్న అదే రాష్ట్రపు మోహాక్ కొండ యజమాని వాల్టర్ షోనెక్ట్, అంతకుముందు లారీలతో మంచుగడ్డలు తెప్పించి పొడిచేయించి వాలు మీద పరిపించిన మనిషి, ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాడు. ఊహ చౌకదే గానీ ఆచరణ చౌకది కాదు. ఒక ఎకరం నేల మీద ఒక అడుగు మందాన మంచు పరచాలంటే సుమారు 6 లక్షల లీటర్ల నీరు కావాలి. అంత నీటికి చెరువు, కొండ పొడవునా గడ్డకట్టని పైపులు, పంపులు, కంప్రెసర్లు, రాత్రంతా మేలుకునే సిబ్బంది, వీటన్నిటికీ మించి విద్యుత్తు బిల్లు కావాలి. పాత లారీ ఇంజిన్‌తో నడిచే కొండకు ఇది మరో లోకం.

మంచు కంటే గట్టిదెబ్బ న్యాయస్థానం నుంచి వచ్చిందని చెప్పాలి. స్కీయింగ్‌లో పడడం సహజం, ఆ ప్రమాదాన్ని ఆడేవాళ్లే నెత్తిన వేసుకుంటారు అని వెర్మాంట్‌కు సంబంధించిన ఒక కేసులో 1951లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. పాతికేళ్లపాటు కొండల యజమానులకు అదే రక్ష. 1974లో స్ట్రాటన్ అనే పెద్ద కేంద్రంలో స్కీయింగ్ కొత్తగా నేర్చుకుంటున్న యువకుడి స్కీ, మంచు కింద దాగి ఉన్న పొదకు తగులుకుని, అతను పడి, పక్షవాతం పాలయ్యాడు. 1977లో జ్యూరీ అతనికి 15 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. మరుసటి ఏడు రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వాలును చదును చేసి దువ్వే యంత్రాలు వచ్చాక, పొదను తీసేయగలిగీ తీయకపోవడం ఆటలో సహజమైన ప్రమాదం కిందికి రాదన్నది ఆ వాదన సారాంశం. ఆ యువకుడి వైపు నుంచి చూస్తే తీర్పును తప్పుపట్టలేం. కానీ దాని బరువు స్ట్రాటన్ మీద కంటే, కేసుతో ఏ సంబంధమూ లేని వందలాది చిన్న కొండల మీద ఎక్కువ పడింది. బీమా ప్రీమియంలు ఎగబాకాయి. సహజ ప్రమాదాల బాధ్యత ఆడేవారిదేనని వెర్మాంట్ శాసనసభ వెంటనే చట్టం చేసినా పాత ధరలు తిరిగి రాలేదు. 1980ల మధ్యలో అమెరికా అంతటా, ఇతరులకు జరిగిన హానికి పరిహారం చెల్లించే బాధ్యత బీమాకు సంక్షోభం వచ్చి, కొన్నిచోట్ల ఎంత డబ్బిస్తామన్నా పాలసీ దొరకని స్థితి ఏర్పడింది. పొలం గట్టున తాడు తిప్పుతూ తలకు కొద్దిపాటి రుసుము తీసుకునే రైతుకు, మొత్తం శీతాకాలపు వసూళ్లను మించిన బీమా బిల్లు ఎదురైతే తాడు విప్పేసి చుట్టి పెట్టడం తప్ప మార్గం లేదు.

దీనికి రోడ్లు తోడయ్యాయి. 1960ల నుంచి అంతర్రాష్ట్ర రహదారులు ఉత్తరానికి పాకాక, మునుపు ఊరి కొండ దగ్గర ఆగే కార్లు ఇంకో గంట ప్రయాణించి రెండు వేల అడుగుల కొండకు పోసాగాయి. దక్షిణ వెర్మాంట్‌లోని మార్ల్‌బరో ఊరి హాగ్‌బ్యాక్ కొండ కథలో ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. తొమ్మిదో నంబరు రోడ్డు కొండను ఆనుకునే పోతుంది. అక్కడ ఆగితే వంద మైళ్ల దృశ్యం కనిపిస్తుందని పేరు. 1946లో మొదలైన ఈ కొండ దాదాపు 500 అడుగుల ఎత్తుతో రెండు తరాల పిల్లలకు స్కీయింగ్ నేర్పింది. అక్కడికి కొద్ది దూరాన 1954లో మౌంట్ స్నో అనే పెద్ద స్కీ కేంద్రం మొదలైంది. పెట్టింది మోహాక్ యజమాని షోనెక్టే. పక్కన అంత పెద్ద కొండ, అక్కడ కృత్రిమ మంచు, చైర్‌లిఫ్ట్‌లు. అయినా హాగ్‌బ్యాక్ ముప్పై ఏళ్లకు పైగా తట్టుకుని నిలబడింది. 1986లో మూతపడింది. చిన్న కొండకు గిరాకీ లేదనే వాదనకు ఈ ముప్పై ఏళ్లే జవాబు.

కొన్ని కొండలు సొంత వ్యక్తిత్వంతో చాలాకాలం బతికాయి. మసాచుసెట్స్‌లోని బ్రోడీ కొండను కెల్లీ కుటుంబం ఐరిష్ ఆల్ప్స్ అని పిలిచి, ఐర్లండ్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగకు మంచుకే ఆకుపచ్చ రంగు వేసేది. పొరుగునున్న పెద్ద కొండ యజమానులు 1999లో దాన్ని కొన్నారు. 2002 తర్వాత అక్కడ స్కీయింగ్ లేదు. అదే రాష్ట్రంలో హోలియోక్ పట్టణం పక్కనున్న మౌంట్ టామ్, నగర బడుల పిల్లలు సాయంత్రాలు దీపాల వెలుగులో ఆడుకున్న కొండ, 1998లో ఆగిపోయింది.

వ్యాపార లెక్కల్లో ఈ మూసివేతలు మామూలు విషయాలు. బలహీనమైనవి పోయాయి, బలమైనవి మిగిలాయి అని ఆర్థిక పరిభాషలో ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. ఆ లెక్కలో దొర్లిన పొరపాటు ఎక్కడుందంటే, చిన్న కొండ తయారుచేసిన అసలు సరుకు స్కీయర్లు. వాళ్లకోసం కొండ పెట్టిన ఖర్చు దాని పుస్తకంలో పడింది. వాళ్లు పెద్దయ్యాక పెట్టిన ఖర్చు పెద్ద కొండల పుస్తకాల్లో జమైంది. మిన్నెసోటాలోని బక్ హిల్ దాదాపు 300 అడుగుల ఎత్తున్న కొండ, ఇప్పటికీ నడుస్తోంది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ అనే వేగపు స్కీ పందెంలో స్వర్ణం గెలిచిన లిండ్సీ వాన్ చిన్నప్పుడు అక్కడే తాడు పట్టుకుని పైకెక్కింది. తాడు వేగంగా లాగుతుంది కాబట్టి పెద్ద కొండ మీద ఒక్కసారి దిగే వ్యవధిలో అక్కడ ఎన్నోసార్లు దిగవచ్చు. మలుపు తిరగడం చేతికొచ్చేది అలా పదేపదే దిగినప్పుడే.

ఇప్పటి ధరల పద్ధతి కొత్తగా నేర్చుకునేవారికి అనుకూలంగా లేదు. 2008లో వెయిల్ రిసార్ట్స్ సంస్థ ఎపిక్ పాస్ తెచ్చాక, శీతాకాలం మొత్తానికి ముందే డబ్బు కట్టేవారికి ఆట చౌకైంది. ఒక్కరోజు టికెట్టు మాత్రం కొలరాడోలోని వెయిల్ లాంటి చోట రద్దీ రోజుల్లో 300 డాలర్లు దాటింది. ఆట నచ్చుతుందో లేదో ఇంకా తెలియని మనిషి కొనేది ఒక్కరోజు టికెట్టే. న్యూజెర్సీ, బోస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఇబ్బందిని బాగా ఎరుగుదురు. ఇంట్లో ఎవరికీ ముందు అనుభవం లేదు, తాతల నాటి స్కీలు అటక మీద ఉండవు. టికెట్టు, అద్దె సామగ్రి, శిక్షకుడి రుసుము కలిపి నలుగురికి చూసుకుంటే మొదటి పాఠమే గుండె గుభేలుమనిపిస్తుంది. ఇరవై నిమిషాల దూరంలో చిన్న కొండ ఉన్న ఊళ్లో మాత్రమే ఈ లెక్క మారుతుంది.

మూతపడిన కొండను అడవి త్వరగానే కమ్ముకుంటుంది. ముందు గడ్డి, ముళ్లపొదలు, ఆ తర్వాత తెల్లటి బర్చి చెట్లు. చుట్టూ ముదురు అడవి, మధ్యలో ఒకే ఈడు లేతచెట్లు నిట్టనిలువు పట్టీలా కనబడితే అది పాత స్కీ దారి. పలచగా మంచు కురిసిన మర్నాడు దూరం నుంచి చూస్తే ఆ పట్టీలు తేటతెల్లంగా కనిపిస్తాయి. లోపలికి నడిస్తే చెట్టు కాండంలోకి సగం కూరుకుపోయిన గిలక, తుప్పుపట్టిన ఇంజిన్ దొరుకుతాయి. పాత ప్రభుత్వ పటాల మీద స్కీ టో అని చిన్న అక్షరాల్లో గుర్తులుంటాయి. వాతావరణ శాస్త్రవేత్త జెరెమీ డేవిస్ 1998 నుంచి న్యూ ఇంగ్లండ్ లాస్ట్ స్కీ ఏరియాస్ ప్రాజెక్ట్ పేరుతో ఈ ఆధారాలను పోగుచేస్తున్నారు. పటాలు, విమానం నుంచి తీసిన ఫోటోలు, పాత కరపత్రాలు ఎన్ని ఉన్నా, కొన్ని కొండల గురించి మిగిలింది అక్కడ ఆడుకున్నవాళ్ల మాటలే. ఏ రైతు బీడులో ఏ ఏడాది తాడు తిరిగిందో ఏ కార్యాలయంలోనూ నమోదు కాలేదు. ఆ తరం వెళ్లిపోతే ఆ కొండలు రెండోసారి మాయమవుతాయి. అందుకే ఈ సేకరణ ఆలస్యం చేయకూడని పని.

జ్ఞాపకం అక్కడితో ఆగని ఊళ్లూ ఉన్నాయి. హాగ్‌బ్యాక్‌ను ఇళ్ల స్థలాలుగా మారనివ్వకుండా స్థానికులు విరాళాలు కూడగట్టారు. 2010లో సుమారు 600 ఎకరాలు మార్ల్‌బరో ఊరి సొత్తయ్యాయి. లిఫ్ట్‌లు రాలేదు గానీ, పొదలు కొట్టి తెరిచిన పాత దారుల్లో నడిచి ఎక్కి దిగేవాళ్లు ఇప్పుడున్నారు. వెర్మాంట్‌లోనే ఉన్న వెస్ట్ విండ్సర్ ఊరి కథ ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడి ఆస్కట్నీ కొండ 1946లో మొదలై, పెద్ద రిసార్ట్ కావాలన్న ఆశతో చేతులు మారుతూ, అప్పుల్లో మునుగుతూ తేలుతూ 2010లో మూతపడింది. దాని వేగవంతమైన చైర్‌లిఫ్ట్‌ను న్యూ హాంప్‌షైర్‌లోని మరో కొండకు అమ్మేశారు. ఊళ్లో ఇళ్ల ధరలు పడిపోయాయి, దుకాణం మూతపడింది. అప్పుడు ఊరివాళ్లు ఒక భూసంరక్షణ సంస్థ సాయంతో 469 ఎకరాల కొండ భూమిని కొనడానికి ఓటు వేశారు. స్వచ్ఛంద కార్యకర్తలు మొదట చిన్న తాడు, తర్వాత టి-బార్ లిఫ్ట్, అంటే తీగకు వేలాడే కడ్డీలతో స్కీయర్లను పైకి లాగే యంత్రం, పెట్టారు. ఒకప్పుడు 1,800 అడుగుల ఎత్తు నుంచి దిగిన కొండలో ఇప్పుడు లిఫ్ట్ అందుకునేది సుమారు 400 అడుగులే. ఆపైకి వెళ్లాలనుకునేవాళ్లు స్కీలకు జారకుండా పట్టుకునే పట్టీలు అతికించుకుని కాళ్లతోనే ఎక్కుతారు. పెద్దదవ్వాలని ప్రయత్నించి పదేపదే దివాలా తీసిన కొండ, చిన్నదైపోయాక నిలదొక్కుకుంది.

ఎన్నడూ మూతపడనివాటి లెక్కలు చూస్తే ఇది ఒక్క ఊరి అదృష్టం కాదని తెలుస్తుంది. వెర్మాంట్‌లోని రిచ్‌మండ్ అనే ఊళ్లో కాక్రన్ దంపతులు 1961లో తమ ఇంటి వెనక వాలు మీద తాడు పెట్టారు. వాళ్ల నలుగురు పిల్లలూ ఒలింపిక్స్‌కు వెళ్లారు. బార్బరా 1972 సప్పోరో ఒలింపిక్స్‌లో, గుంజల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలమ్ పందెంలో స్వర్ణం గెలిచింది, మనవడు రయన్ 2022లో బీజింగ్‌లో రజతం తెచ్చాడు. 1998 నుంచి ఆ కొండ లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. అదే రాష్ట్రంలో ఈస్ట్ కోరింత్ ఊరి నార్త్ ఈస్ట్ స్లోప్స్ అనే కొండ 1936 నుంచి స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా సాగుతోంది. తాడును తిప్పేది ఇప్పటికీ పాత లారీ ఇంజినే. ఈ కొండలకు లాభం చూపించాల్సిన అవసరం లేదు, కొత్త లిఫ్ట్ అప్పు లేదు, టికెట్లు అమ్మేదీ పొదలు కొట్టేదీ ఊరివాళ్లే. బీమా బిల్లును మాత్రం వాళ్లూ ఏటా కట్టాల్సిందే. అందుకోసం విందులు పెడతారు, పాత స్కీలు అమ్ముతారు, చందాలు అడుగుతారు.

మంచు ప్రశ్న మాత్రం వీళ్ల చేతుల్లో లేదు. న్యూ ఇంగ్లండ్ శీతాకాలాలు వేడెక్కుతున్నాయి. తక్కువ ఎత్తులో, యంత్రపు మంచు లేకుండా నడిచే కొండకు ఏటేటా దొరికే రోజులు తగ్గుతాయి. ఆరు వారాలకు బదులు రెండు వారాలే తాడు తిరిగితే వ్యాపారి ఆ ఏడాదే తాళం వేస్తాడు. ఊరు తన గ్రంథాలయానికీ ఆటస్థలానికీ పెట్టినట్టే ఆ కొండకూ బడ్జెట్‌లో ఒక పద్దు పెడితే, ఆ రెండు వారాల్లోనూ పిల్లలు నేర్చుకుంటారు. ఆ పద్దు ఎంత ఉండాలన్నది ఊరి సభ తేల్చుకోవచ్చు. వెర్మాంట్ ఊళ్లలో ఏటా మార్చి నెల మొదట్లో, కొండల మీద ఇంకా మంచు ఉండగానే, అలాంటి పద్దుల మీద ఓటు వేసే సభ జరుగుతుంది.